మౌనికను ఏడో తరగతిల ఆపిన సంవత్సరం

కరోనా అయిపోయి బడులు మళ్ల సక్కగ నడిచిన మొదటి సంవత్సరం, జూన్ నెలల, నాకు శంషాబాద్ మండలంల ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు పోస్టింగు వచ్చింది. పాల్మాకుల దాటి జర లోపలికి పోవాలె. నేను చెప్పేది రాసుకుంటున్నవు గని ఊరి పేరు, బడి పేరు రాయకు బిడ్డా, ఆ పిల్లలు ఇంకా సదువుకుంటున్నరు. కాయితం మీద నా హోదా స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్. అంటే ముప్పై ఏండ్ల కింద పీఈటీగ చేరిన, ప్రమోషన్ల గా పెద్ద పేరు వచ్చింది. జీతం జర పెరిగింది, పని అదే. పిల్లలకు మాత్రం నేనెప్పుడూ డ్రిల్ మేడమే. సర్వీసు ఇంక రెండేండ్లు ఉండె.

మా గ్రౌండు మీదికెల్లే విమానాలు దిగుతయి. మీదికి వచ్చినప్పుడు విజిల్ ఊదితే ఊదిన నాకే ఇనపడకపోతుండె. అందుకని పరుగు షురూ చేయాలంటే ఎర్ర దస్తీ ఎత్తి కిందికి దించేదాన్ని. పిల్లలు తలకాయ ఎత్తి విమానం దిక్కు సూడనే సూడరు. కొత్తగ వచ్చిన సార్లే సూస్తరు, సూసి పిల్లల ముంగట సిగ్గుపడ్తరు.

ఇప్పటికీ నాకు పొద్దుగాల ఐదున్నరకే మెలకువ వస్తది. లేచి ఏడికి పోవాలె? సున్నంతోని గీతలు కొట్టినంక, ఎవ్వరూ తొక్కకముందు, గ్రౌండు ఒక్క నిమిషం తెల్లగ, సప్పుడు లేకుండ ఉంటది. గా నిమిషం కోసం పానం గుంజుతది. మీ తాత అంటుండె, సువార్తా, నీకు ఇంట్ల ముగ్గేసుడు రాదు గని గ్రౌండుల మాత్రం మస్తు గీస్తవు అని.

బయటోళ్లు ఏమనుకుంటరంటే, పీఈటీ పని పిల్లలను ఎండల నిలబెట్టుడు, జన గణ మన పాడిపిచ్చుడు. సగం పని కాయితాలదే. ఏ పోటీకి పోవాలన్నా పిల్లకు ఎంట్రీ ఫారం రాయాలె. ఫోటో అతికియ్యాలె, హెచ్చెం సారు సంతకం సగం ఫోటో మీద, సగం కాయితం మీద పడాలె, ఫోటో మార్చకుండ. అడ్మిషన్ రిజిస్టర్ల నంబరు, పుట్టిన తేదీ, తరగతి. ఇగ రెండు పుట్టుమచ్చలు. ఒక పిల్ల పేరు మీద ఇంకో పిల్ల ఆడకుండ గా మచ్చలు. ఆడపిల్లల మచ్చలు మొగ సార్లు సూడరాదు గదా, అందుకని పక్క బడుల సార్లు గూడ తమ పిల్లలను తోలుకొని నా దగ్గరికే వచ్చేది. ఆ మండలంల ఆడపిల్లల పుట్టుమచ్చలు నాకు తెలిసినంతగ వాళ్ల తల్లులకు గూడ తెల్వదు.

మా దిక్కు ఒక ట్రస్టు వాళ్ల అకాడమీ ఉండె. ప్రతి జనవరిల సెలక్షన్లు పెట్టేది. మా చుట్టుపక్కల బడులన్నిట్లకెల్లి పరుగుకు ఆడపిల్లలు ఇద్దరినే తీసుకుంటరు. సీటు వస్తే హాస్టలు, తిండి, బూట్లు, డిగ్రీ దాకా సదువు, అన్నీ వాళ్లయే. వాళ్ల రూలు ఒక్కటే: ఏడో తరగతి సదువుతున్న పిల్లే కావాలె. పుట్టిన తేదీ అడగరు. ఎందుకంటే దాన్ని నమ్మరు. మా ఊర్ల రిజిస్టర్లు తిరగేస్తే సగం మంది పిల్లలు జూన్ల పుట్టినట్టే ఉంటది. బడిల వేసే రోజు తండ్రికి తేదీ యాదికి లేకుంటే సారే జూన్ల ఒక తేదీ రాసుకునేది. తరగతి అట్ల గాదు. ఎనిమిది దాకా సర్కారు బడిల ఎవ్వరినీ ఫెయిల్ చేసుడు లేదు. కాబట్టి ఏడోదాంట్ల ఉన్నదంటే పన్నెండు పదమూడేండ్ల పిల్లే అని వాళ్ల నమ్మకం. గా నమ్మకంల ఒక సందు ఉన్నది. గా సందుల నేను చెయ్యి పెట్టిన.

మౌనిక ఆ సంవత్సరం ఏడో తరగతి. తండ్రి యాదగిరి ఎయిర్‌పోర్టు కాడ క్యాబ్ నడుపుతడు. తల్లి లక్ష్మి లోపల నీలం డ్రెస్సు ఏసుకొని చేసే హౌస్ కీపింగ్ పని. అక్క ఇంటర్ నడుమ ఆపేసి తల్లెంబడే పనికి పోతున్నది. తల్లి నన్ను మొదటిసారి కలిసినప్పుడు ఒకటే అడిగింది: "మేడం, పెద్దదానికైతే నీలం డ్రెస్సు ఏసినం. దీనికన్న ఏరే తొవ్వ సూడు." పని తక్కువదని గాదు ఆమె అన్నది. పదహారేండ్లకే మోకాళ్లు పట్టేసే పని, తన పానానికి తెలుసు గదా.

మౌనిక సన్నగ, పొట్టిగ ఉండేది. నడుస్తుంటే ఎవ్వరూ దాని దిక్కు సూడరు. ఉరికితే మాత్రం మడిమె నేలకు తాకుతున్నదా లేదా అన్నట్టు ఉంటుండె. సెప్టెంబర్ల ఒక రోజు పొద్దుగాల, రాత్రి వానపడి గ్రౌండు మెత్తగున్నది, నేను పిల్లలకు ఆరు వందల మీటర్లు పెట్టిన. మా గ్రౌండు చుట్టు రెండు వందలు, అంటే మూడు చుట్లు. పద్నాలుగేండ్లలోపు ఆడపిల్లలకు గదే పెద్ద పరుగు. మూడో చుట్టుల గూడ దాని భుజాలు కదలలె, మొకంల కష్టం లేదు, ఏదో యాదికొచ్చి ఇంటికి పోతున్నట్టు వచ్చింది. గడియారం ఆపి సూసిన. ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. మళ్ల సూసిన. ముప్పై ఏండ్లల నా చేతుల ఉన్న గడియారంల ఏ ఊరి పిల్లా గా అంకె పెట్టలె. దానికి చెప్పలె. పోయి నీళ్లు తాగు అన్న, అంతే.

ఆ వారంలనే కందుకూరు దిక్కు పనిచేసే నర్సింహ సారు తన బడి పిల్లలను మచ్చల కోసం తోలుకొచ్చిండు. ఆయన కూడా పీఈటీ, నాకన్న చిన్నోడు, నోరు ఊకే ఉండదు. మౌనిక ఉరుకుతుంటే సూసి, "మేడం, ఇంజను మంచిదే గని మనిషి పావుశేరు ఉన్నది" అన్నడు. "జనవరిల గా పెద్ద పిల్లల నడుమ దీన్ని తోసి పడేస్తరు. రెండు సీట్లకు బాలాపూర్ లడ్డు వేలంపాటకన్న ఎక్కువ కొట్లాట ఉంటది. ఒక్క ఏడాది ఏడోదాంట్లనే ఉంచు. వచ్చే జనవరికి గింత ఎత్తయితది, ఇగ ఎవ్వరు పట్టలేరు." ఆయన బడి పిల్లలు ఇద్దరు గట్లనే ఆగి అకాడమీకి పోయిన్రట. ఆ ఇద్దరూ మొగపిల్లలు. గా మాట నేను ఇన్న, కానీ దాని మీద ఆగలె.

తప్పు గాదా అని నేనన్న. ఆయన దగ్గర జవాబు తయారుగనే ఉన్నది. "కరోనాల రెండేండ్లు పిల్లలు బడి మొకం సూడలె. పరీక్ష లేకుండ పై క్లాసుకు తోలిన్రు. గట్ల పోగొట్టుకున్న ఏడాదినే మళ్ల తీసుకుంటున్నం అనుకో. ఎవనిదో గుంజుకుంటలేం గదా." గా మాట నాకు బరాబర్ అనిపించింది. నిజం చెప్పాలంటే, బరాబర్ అనిపియ్యాలని నాకు గూడ ఉండె. నా సర్వీసుల ఒక్క ఆడపిల్ల గూడ ఏ అకాడమీకి పోలె. రిటైరయ్యేలోపల ఒక్కదాన్నన్న పంపాలని ఆశ. నా ఆశకు గా పిల్ల కాళ్లు దొరికినయి.

యాదగిరికి చెప్తే ఒక్క నిమిషంల ఒప్పుకున్నడు. "క్యాబ్ స్టాండుల అందరు చెప్పుకుంటరు మేడం, పైసలున్నోళ్లు క్రికెట్ ఆడే కొడుకులను ప్రైవేటు బడుల ఒక్కో క్లాసు రెండుసార్లు సదివిపిస్తున్నరట. మనకు ఉట్టిగనే అయితది గదా." లక్ష్మి ఒప్పుకోలె. "ఫెయిల్ గాని పిల్లను ఫెయిల్ జేసుడేంది? బడి మాని ఇంట్ల ఉంటే ఏం జేస్తది అది?" అని అడిగింది. అప్పుడు నేను ఆమె మాటనే ఆమెకు అప్పజెప్పిన. నీలం డ్రెస్సు వద్దంటివి గదా లక్ష్మీ, ఒక్క ఏడాది ఓపిక పట్టు అన్న. సరే, మీ ఇష్టం మేడం అన్నది.

మౌనిక మాత్రం నన్ను సూటిగ అడిగింది: "నా జట్టోళ్లంత ఎనిమిదికి పోతరు. నేను చిన్న పిల్లల పక్కన కూసోవాలెనా మేడం?"

సర్కారు బడిల ఫెయిల్ చేసుడు లేదు కాబట్టి ఆపాలంటే ఒక్కటే తొవ్వ. పిల్ల రోజులకొద్ది బడికి రాకుండ ఉండాలె. హాజరు పట్టీల వరుసగ ఆబ్సెంట్లు పడాలె. అప్పుడు పేరు మీద ఎర్ర సిరాతోని గీత కొడ్తరు, దాన్ని పేరు కొట్టేసుడు అంటరు. మళ్ల జూన్ల వస్తే తిరిగి చేర్చుకుంటరు. అసలు రూలు ప్రకారం వయసుకు తగ్గ తరగతిలనే వెయ్యాలె. కానీ తండ్రి, పాఠాలు అందుకోలేకపోతున్నది, కింది తరగతిల వెయ్యున్రి అని రాసిస్తే హెచ్చెం కాదనడు. మా హెచ్చెం సారు మంచి మనిషి. సంతకం పెట్టేముందు అద్దాలు తీసి నా దిక్కు సూసిండు. "మేడం, గిది మీ మాట మీదనే" అన్నడు. నవంబర్ల గీత పడ్డది.

గీత పడ్డంకనే నాకు సమజైంది నేనేం చేసిన్నో. పేరు లేని పిల్లను గ్రౌండుల ఎట్ల ఉరికిస్తవు? రేపు ఎవరన్న వచ్చి ఈ పిల్లెవరు అంటే? పోటీలు లేవు, ప్రాక్టీసు లేదు, మధ్యాహ్నం అన్నం గూడ లేదు. పేరు లేకుంటే పప్పు గరిటె సుత పడదు. మౌనిక వారం రోజులు వచ్చి ప్రహరీ గోడ మీద కూసున్నది. లోపల పిల్లలు ఉరుకుతుంటే దాని కాళ్లు గోడకు తన్నుకుంటుండె. ఒక రోజు దగ్గరికి పోయి, ఇంటికి పో బిడ్డా, ఎవరన్న సూస్తరు అన్న. అది దిగి, చెప్పులు ఏసుకొని, "జూన్ అంటే ఇంకెన్ని దినాలు మేడం?" అన్నది. లెక్క చెప్పిన. ఇగ రాలె. కందుకూరు అవతల అమ్మమ్మ ఇంటికి పంపిన్రు.

జనవరిల అకాడమీ సెలక్షన్లకు మా పీఈటీలకే డ్యూటీ వేసేది. పరుగుల ఒక్కో స్థానానికి ఒక్కో టైంకీపరు ఉంటరు. ఫస్ట్ వచ్చినోళ్లను ఒకరు, సెకండ్ వచ్చినోళ్లను ఒకరు, గట్ల. నాకు సెకండ్ వచ్చే పిల్లను చూసే పని. ఆరు వందల మీటర్లల రెండో పిల్ల గీత దాటంగనే గడియారం నొక్కిన. ఒక నిమిషం యాభై ఎనిమిది. అకాడమీ పెద్ద సారు టేబుల్ కాడికెల్లి, "మేడం, సెకండ్ టైం?" అని అరిచిండు. చెప్పిన. ఆయన రాసుకున్నడు. రెండో సీటు గా పిల్లకు పోయింది.

ఆ పిల్ల కూడా పొట్టిదే. ఎవ్వరూ తోసి పడెయ్యలె.

ఆరు సెకన్లు బిడ్డా. పరుగుల ఆరు సెకన్లంటే నడుమ ఐదు ఎడ్లబండ్లు పట్టేంత జాగ. ఆ పొద్దు నేను ఇంటికొచ్చి అన్నం తిన్న, ప్రార్థన చేసుకున్న, ఫరక్ పడదు, వచ్చేసారి ఫస్టే వస్తది అని నాకు నేనే చెప్పుకున్న.

జూన్ల మౌనిక వచ్చింది. గేటు కాడ గుర్తు పట్టలె. నర్సింహ సారు చెప్పినట్టే గింత ఎత్తయింది. ఫిబ్రవరిల పెద్దమనిషి అయిందని తల్లి చెప్పింది. ఖుషీగ వచ్చి గ్రౌండుల దిగింది. ఒక్క చుట్టు ఉరికిచ్చిన. అడుగు మారింది. మడిమె నేలకు కొడ్తున్నది. చేతులు ఏడ పెట్టాలో తెల్వనట్టు ఉరుకుతున్నది.

మొగపిల్లగాడు ఒక ఏడాది ఆగితే భుజం వస్తది, తొడ వస్తది, వేగం దానంతట అదే పెరుగుతది. ఆడపిల్లకు గదే ఏడాదిల నడుము మారుతది, బరువు మారుతది, పాత పరుగు పాత ఒంటితోనే పోతది. కొత్త ఒంటికి కొత్త పరుగు కుదరాలంటే రెండు మూడేండ్లు పడ్తది, అది గూడ నడుమ ప్రాక్టీసు ఆపకుంటే. అందరికీ గాదు, శానా మందికి. నర్సింహ సారుకు తెల్వదు అంటే అర్థమున్నది. ముప్పై ఏండ్లు ఆడపిల్లలను ఉరికిచ్చిన. నా ఒంటి మీద గూడ గదే జరిగింది, ఇంటర్ల జిల్లా టీములకెల్లి నా పేరు గట్లనే పోయింది. నాకు తెల్వదా? మొగపిల్లల లెక్క తెచ్చి ఆడపిల్ల మీద పెట్టిన.

ఆ సంవత్సరం ఏడోదాంట్ల శ్రావణి అని ఒక పిల్ల ఉండె. నిజంగ ఏడో తరగతి ఈడు పిల్ల, పోయిన ఏడాది మౌనిక ఎట్లుండెనో గట్లనే సన్నగ ఉన్నది. ఇద్దరికీ కలిపే ప్రాక్టీసు. క్లాసుల పిల్లలంత మౌనికను "అక్కా" అని పిలిచేది. ఒకే క్లాసు పిల్లలు అక్కా అంటుంటే బయటోళ్లు ఇంటే ఎట్ల అని నాకు పరేషాన్. పేరు పెట్టి పిలువున్రి అన్న. ఒక పూట పిలిచిన్రు. మళ్ల అక్కా. నేను రిజిస్టర్ల అయితే రాయగలిగిన గని పిల్లల నోరు మార్చలేకపోయిన.

ఆరు నెలలు పొద్దు మాపు ఉరికిచ్చిన. మౌనిక ఒక్క రోజు రాను అనలె. సెలక్షన్ల రోజు గీత మీద ఇద్దరు పక్కపక్కనే నిలబడ్డరు. మొదటి రెండు చుట్లు మౌనికే ముంగట ఉన్నది. మూడో చుట్టుల మలుపు కాడ భుజాలు బిగుసుకున్నయి. ఏరే బడి పిల్ల దాటింది. ఎనక శ్రావణి దాటింది. చివరికి ఇంకొక పిల్ల. శ్రావణి సెకండ్, ఒక నిమిషం యాభై ఏడు. మౌనిక నాలుగోది, రెండు నిమిషాల మూడు సెకన్లు.

వచ్చేటప్పుడు ఆటోల ముగ్గురమే. శ్రావణి మొదట ఖుషీగ ఉన్నది. కాసేపటికి నన్ను అడిగింది: "మేడం, అక్క మాకన్న పెద్దది గదా. అక్క ఉరుకుడు మంచిగుంటే నా సీటు పోతుండె గదా?" కుళ్లు లేదు దాని మాటల, నిజంగనే తెలుసుకుందామని అడిగింది. మౌనికనే దాని నెత్తి మీద ఒకటి కొట్టి, "పోతే పోతుండె, పోలేదు గదా, నోరు మూసుకొని బన్ను తిను" అన్నది. ఇద్దరు నవ్విన్రు. నేను బయటికి సూసుకుంట కూసున్న.

ఎవని సొమ్మూ గాదు అనుకున్నం మేము. ఆ సొమ్ము శ్రావణిది. దాని పేరు అప్పుడు మాకు తెల్వదు, అంతే.

తెల్లారి మౌనిక వాళ్లింటికి పోయిన. దాచిపెట్టి బతకబుద్ధి గాలె. ఆపక ముందు సెప్టెంబర్ల ఎంతల ఉరికిందో, ఆ జనవరిల రెండో సీటు ఎంతకు పోయిందో, రెండంకెలూ చెప్పిన. యాదగిరి తల దించుకున్నడు. లక్ష్మి టిఫిన్ డబ్బ మూత పెడ్తున్నది. "అంటే, పోయినసారే వచ్చేదా మేడం?" అన్నది. వచ్చేది అన్న. ఆమె డబ్బ సంచిల పెట్టుకున్నది. "ఫెయిల్ జేసుడేంది అని నేనంటి గదా" అన్నది. గట్టిగ గూడ అనలె. డ్యూటీ బస్సు టైమైందని పోయింది. తిట్టినా బాగుండు అనిపించింది.

నన్ను ఎవ్వరూ అడగలె. మెమో రాలె, తనిఖీల గూడ బయటపడలె. కాయితాలన్నీ సక్కగున్నయి గదా. నేను రిటైరయ్యి ఇంటికొచ్చిన. శ్రావణి అకాడమీల మంచిగ ఉరుకుతున్నదట, ఖుషీనే. మౌనిక ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, దాని జట్టోళ్లు ఇంటర్ల ఉన్నరు. కనపడితే నవ్వుతది, ఉరుకుడు మాత్రం బంద్ చేసింది. తర్వాత ఏం జేస్తవు అని నేను అడగలె, అడిగే మొకం నాకు లేదు.

ఆ సెప్టెంబరు పరుగు ఏ కాయితం మీదా లేదు. ఏ సర్టిఫికెట్ల లేదు. సూసిందాన్ని నేనొక్కదాన్నే. పొద్దుగాల మెలకువ వచ్చినప్పుడు ఇప్పటికీ గా మూడో చుట్టు కండ్ల ముంగట తిరుగుతది, భుజాలు కదలకుండ, మెత్తని నేల మీద. ఒక్కసారి, ఒకే ఒక్కసారి గది మళ్ల సూడాలని ఉంటది. దానికి అప్పుడే చెప్పాల్సింది బిడ్డా, అది ఎంతల ఉరికిందో.

రిటైరయ్యే ముంగట ఇద్దరు తండ్రులు వచ్చిన్రు, మా పిల్లను గూడ ఒక ఏడాది ఆపున్రి మేడం అని. చెయ్య అన్న. ఒకాయన కోపానికొచ్చి, ఒకరికైతే చేస్తివి, మాకెందుకు చెయ్యవు అన్నడు. ఆయన అడిగింది సబబే. చేసి సూసిన్న గనుకనే చెయ్య అన్న.

కొత్తగ ఈ పనిలకు వచ్చిన పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇంతే. పిల్ల ఈ సంవత్సరం ఏ తరగతిల ఉంటే ఆ తరగతి పేరు మీదనే ఎంట్రీ ఫారం రాయున్రి. పొట్టిగున్నా రాయున్రి, ఓడిపోతదని మీకు అనిపించినా రాయున్రి. ఉరికేది పిల్ల. మన పని గీత కొట్టుడు, గడియారం నొక్కుడు, వచ్చిన అంకెను వచ్చినట్టు చెప్పుడు.